హాజరు పట్టీలో పని కనపడదు: ప్రభుత్వాసుపత్రుల పెద్దలకు బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య విద్య సంచాలకులు గారికి, ప్రభుత్వ బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు, ఆర్‌ఎంవోలకు (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్లకు), నర్సింగ్ సూపరింటెండెంట్లకు నమస్కారాలు.

ముప్పై ఏళ్లకు పైగా సర్కారు దవాఖానాల్లో నర్సుగా పనిచేసి, నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. నా సర్వీసు చివరి పదేళ్లలో నా వార్డుల్లో డ్యూటీ చేసినవాళ్లలో సగానికి సగం ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీల నుంచి వచ్చినవాళ్లే. స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, పేషెంట్ కేర్ వాళ్లు, వార్డు ఊడ్చి తుడిచే ఆడవాళ్లు. ఈ ఉత్తరం వాళ్ల గురించే. నేను పనిచేసిన ఆసుపత్రుల పేర్లు రాయడం లేదు. ఏ ఒక్కచోటో జరిగిన తప్పయితే ఆ సూపరింటెండెంట్ గారి గదికి వెళ్లి చెప్పి వచ్చేదాన్ని. ఇది అంతటా ఉన్నదే కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ప్రతి నెలాఖరుకు ఏజెన్సీ సూపర్‌వైజర్ హాజరు పట్టీ పట్టుకుని వస్తాడు. వార్డు ఇన్‌చార్జి చూస్తుంది, ఆర్‌ఎంవో సంతకం పెడతారు, బిల్లు పైకి పోతుంది. ఆ కాగితం మీద పేరుంటుంది, పనిచేసిన రోజులుంటాయి, రాని రోజులకు కోత ఉంటుంది. ఆ రోజుల్లో ఆ మనిషి ఏం చేసింది, ఎంత బాగా చేసింది, ఏం రాక తడబడింది, ఎవరు నేర్పారు అన్నది మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. రెగ్యులర్ ఉద్యోగికి ఏడాదికొకసారైనా కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాస్తారు. పక్క బెడ్ దగ్గర అదే ఇంజెక్షన్ చేసే ఏజెన్సీ నర్సుకు, ఐదేళ్లు పనిచేసినా, ఒక్క వాక్యం రాసినవాళ్లు లేరు. జీతం సంగతి ఏజెన్సీ చూసుకుంటుంది, పని వార్డు తీసుకుంటుంది. నేర్పడం, చూడటం, బాగుందనో బాగాలేదనో ముఖాముఖి చెప్పడం ఎవరి వంతో మాత్రం ఎవరికీ తెలియదు.

ఒక రాత్రి సంగతి చెప్తాను. అప్పుడు నేను మేల్ మెడికల్ వార్డుకు హెడ్ నర్సును. ఒక అమ్మాయి జిల్లా నుంచి వచ్చి ఆ రోజే ఏజెన్సీ కింద చేరింది. నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎం చదివింది, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది, మనిషి చురుకు. మొదటి రోజే నైట్ డ్యూటీ పడింది. ఈవెనింగ్ సిస్టర్ హడావిడిలో కేస్ షీట్లు అప్పజెప్పి వెళ్లింది. తెల్లవారుజామున మూడింటికి మూలన ఉన్న బెడ్ మీద ఆయాసంతో ఉన్న పెద్దాయనకు ఆక్సిజన్ సిలిండర్ అయిపోయింది. పక్కనే నిండు సిలిండర్ ఉంది. దాన్ని తిప్పే కీ మాత్రం లేదు. మా వార్డులో ఆ కీ డ్రెస్సింగ్ రూమ్ తలుపు వెనక మేకుకు వేలాడుతుంటుంది. మాకందరికీ కళ్లు మూసుకున్నా దొరుకుతుంది. ఆ పిల్లకు ఎవరు చెప్పారు? సొరుగులన్నీ లాగింది, ట్రాలీ కింద వెతికింది, చివరికి పక్క వార్డుకు పరుగెత్తి అక్కడి వార్డ్ బాయ్‌ని కీ సహా వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దాయన బతికాడు. పొద్దున నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి డ్యూటీ రూమ్‌లో కూర్చుని వణుకుతోంది. "మేడం, నాకు పని రాదని ఏజెన్సీకి రాయకండి" అంది.

ఆమెకు పని రాక కాదు. మేకు ఎక్కడుందో తెలియక. చెప్పాల్సిన మనిషిని నేనే, నేను చెప్పలేదు. ఆ తప్పు ఇప్పటికీ నా మీద బరువుగానే ఉంది.

ఆ తర్వాత నా వార్డుకు కొత్తగా ఎవరొచ్చినా, రెగ్యులరా ఏజెన్సీయా అని చూడకుండా, మొదటి రోజు గంటసేపు వార్డంతా తిప్పడం మొదలుపెట్టాను. ఆక్సిజన్ కీ ఎక్కడ, సక్షన్ మెషీన్ ఆన్ చేసి చూపించు, ఎమర్జెన్సీ ట్రాలీలో అడ్రినలిన్ ఏ అరలో ఉంది, డ్యూటీ డాక్టర్ ఫోన్ ఎత్తకపోతే తర్వాత ఎవరికి చేయాలి, బ్లడ్ బ్యాంకుకు ఏ మెట్లు దగ్గర. ఇన్సులిన్ దగ్గర మాత్రం ఇంకాసేపు నిలబెట్టేదాన్ని. మన దవాఖానాల్లో ఎక్కువగా వచ్చేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసా. దానికి ఎర్ర మూత సిరంజి. స్టోరు నుంచి వచ్చే ఇండెంట్‌లో అవి అయిపోయి 100 యూనిట్ల నారింజ మూత సిరంజి చేతికొచ్చిందనుకోండి, 20 గీత దాకా లాగితే రోగికి పోయేది 8 యూనిట్లే. సర్టిఫికెట్ చూస్తే ఇది తెలియదు. సీసా, సిరంజి చేతికిచ్చి "లాగి చూపించమ్మా" అంటే తెలుస్తుంది. అడిగినవాళ్లలో తప్పు లాగినవాళ్లు రెగ్యులర్ వాళ్లలోనూ ఉన్నారు, ఏజెన్సీ వాళ్లలోనూ ఉన్నారు. ఒక్కసారి చూపిస్తే మళ్లీ తప్పు చేసినవాళ్లు నాకు గుర్తు లేరు.

దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. గంట టైము కావాలి, ఒక మనిషికి ఆ పని పేరు పెట్టి అప్పజెప్పాలి. మొదటి వారం కొత్త మనిషిని నైట్ డ్యూటీలో ఒంటరిగా వేయకూడదని డ్యూటీ చార్ట్ వేసేవాళ్లకు గట్టిగా చెప్పాలి. అంతే.

ఇంకొక సంగతి రాయడానికి నాకు చేయి ఆడటం లేదు, కానీ రాయాలి. పేషెంట్ కేర్‌లో ఒకామె ఉండేది. నాలుగేళ్లుగా పని చేస్తోంది. వ్యర్థాలు వేసే పసుపు సంచి ఎత్తుతుంటే లోపల ఎవరో పడేసిన సూది చూపుడు వేలికి గుచ్చుకుంది. సూదులు పడాల్సింది తెల్ల డబ్బాలో. పసుపు సంచిలో వేసిన తప్పు ఆమెది కాదు. ఆమె వేలికి గుడ్డ పీలిక కట్టుకుని రెండు రోజులు పని చేసింది, ఎవరికీ చెప్పలేదు. చెప్తే సూపర్‌వైజర్ డ్యూటీ మాన్పిస్తాడని భయం. మూడో రోజు పీలిక చూసి నేను అడిగితే చెప్పింది. హెచ్‌ఐవీ రాకుండా వేసే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, వీలైతే రెండు గంటల్లోపే. ఆ గడువు అంచున ఆమెను హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు తీసుకెళ్లాం. అక్కడి డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "హెపటైటిస్-బి టీకా వేయించుకున్నావా అమ్మా?" నాలుగేళ్లలో ఆమెకు ఎవరూ వేయించలేదు. నేను ఏజెన్సీని అడిగితే టీకాలు ఆసుపత్రి పని అన్నారు. ఆఫీసులో అడిగితే ఏజెన్సీ మనుషులు ఏజెన్సీ బాధ్యత అన్నారు.

ఎవరి బాధ్యతో 2016 బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ నియమాల్లో ఉంది. వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ చేరినప్పుడు, ఆపైన ఏడాదికొకసారైనా శిక్షణ ఇవ్వాలి. హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. చేరినప్పుడూ, ఏడాదికొకసారీ ఆరోగ్య పరీక్ష చేయించాలి. ఈ బాధ్యతలన్నీ ఆసుపత్రిని నడిపేవారి మీదే పెట్టింది. ఆరోగ్య సిబ్బందితో పాటు "ఇతరులు" అని కూడా కలిపి రాసింది. జీతం చెక్కు ఎవరి పేరు మీద వస్తుందని సూది చూసుకుని గుచ్చుకోదు కదా. టీకా మూడు డోసులు, సున్నా, ఒకటి, ఆరు నెలలకు. ఆ మూడు తేదీలు ప్రతి మనిషి పేరు పక్కన రాసి ఉండాలి. ఆమెకు ఆ తర్వాత ఆరు నెలలకు చేసిన పరీక్షల్లో ఏమీ రాలేదు. ఆ ఆరు నెలలు ఆమె ఇంట్లో పిల్లలకు వేరే గ్లాసు, వేరే పళ్లెం పెట్టిందని తర్వాత చెప్పింది. అలా అక్కర్లేదని కూడా ఆమెకు కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు.

మీలో కొందరి మనసులో ఏముందో నాకు తెలుసు. ఆఫీసుల్లో చాలాసార్లు విన్నాను. "సిస్టర్, మనం వాళ్లను సూపర్‌వైజ్ చేసి, వాళ్లకు రిపోర్టులు రాస్తే, రేపు ఆ కాగితాలే పట్టుకుని మేం మీ ఉద్యోగులమే, పర్మనెంట్ చేయండని కోర్టుకు పోతారు. మనకెందుకు?" ఈ భయం వల్లే ఓ పెద్ద ఆసుపత్రిలో ఏజెన్సీ నర్సుల మీద ఇన్‌చార్జి సిస్టర్లు రాసిన నోట్సు చింపేయించారు కూడా. నాకు తెలిసిన ఒక లాయర్ గారిని దీని గురించి అడిగాను. ఆయన చూపించింది 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పు, అంతర్జాతీయ విమానాశ్రయాల అథారిటీకీ కార్గో కార్మికుల యూనియన్‌కూ మధ్య జరిగిన కేసు. మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టులో ఆ మనుషులు సహజంగానే పని తీసుకునే సంస్థ అజమాయిషీ కిందే పనిచేస్తారు, అంతమాత్రాన వాళ్లు ఆ సంస్థ ఉద్యోగులైపోరు అని అందులో చెప్పారు. అంటే పని చూపించడం, నేర్పడం, ఎలా చేస్తున్నారో రాయడం చట్టానికి విరుద్ధం కాదు. చూడకపోవడం వల్ల రోగికి ప్రమాదం జరిగితే మాత్రం, మా ఉద్యోగి కాదు అంటే ఆ కుటుంబం ఒప్పుకోదు, ఏ కోర్టూ ఒప్పుకోదు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్ వచ్చింది. పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ ఒక మాట మారలేదు: కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని ఇవ్వాలి. జీతానికే చివరి బాధ్యత మనదైనప్పుడు పని నేర్పడం మనది కాదని ఎలా అంటాం?

వాళ్లను పర్మనెంట్ చేయాలా వద్దా అనేది పెద్ద ప్రశ్న. నా అభిప్రాయం చేయాలనే. కానీ ఆ నిర్ణయం వచ్చేదాకా ఈ రాత్రి వార్డులో ఉన్న రోగి ఆగడు కాబట్టి ఇవాళ చేయగలిగిన దాని గురించే రాస్తున్నాను.

సర్కారు వాళ్ల సర్వీసుకు విలువ లేదనుకోవడం లేదు కూడా. 2022 డిసెంబర్‌లో స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు 100 మార్కుల్లో 80 పరీక్షకు, 20 సర్వీసుకు కేటాయించారు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కింద ప్రభుత్వాసుపత్రుల్లో చేసిన ప్రతి ఆరు నెలలకు 2 మార్కులు, గిరిజన ప్రాంతాల్లో అయితే 2.5. మంచి పని. ఆ మార్కులతో నా దగ్గర చేసిన ఇద్దరు అమ్మాయిలు ఇవాళ నర్సింగ్ ఆఫీసర్లు. కానీ అక్కడ కూడా లెక్కపెట్టింది రోజులనే. ఐదేళ్లు ఐసీయూలో వెంటిలేటర్ పేషెంట్లను చూసుకున్న పిల్లకూ, ఐదేళ్లు ఏదో కాలక్షేపం చేసిన మనిషికీ ఒకటే మార్కులు. ఎందుకంటే తేడా చెప్పే కాగితం మన దగ్గర లేదు. కోవిడ్ రోజుల్లో ఊపిరికి సాయం చేసే హెచ్‌ఎఫ్‌ఎన్‌సీ, బైపాప్ మెషీన్లు నడపడం నెలల్లో నేర్చుకున్న పిల్లలు ఎంతమంది! కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయినప్పుడు, వాళ్లకు ఏం వచ్చో చెప్పే ముక్క ఒక్కటి వాళ్ల చేతిలో లేదు.

నేనొక పనిచేశాను, సొంతంగా. రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొని ఏజెన్సీ వాళ్లు ఒక్కొక్కరికి నాలుగు పేజీలు కేటాయించాను. నెలకు ఒకసారి రెండు మూడు వరుసలు రాసేదాన్ని. రాసింది వాళ్లకే చదివి వినిపించేదాన్ని, వాళ్లు ఏమైనా అంటే అది కూడా రాసేదాన్ని. మొదట్లో అందరూ భయపడ్డారు. "ఇది మమ్మల్ని తీసేయడానికా మేడం?" అని ఒకామె నేరుగానే అడిగింది. మూడు నెలలయ్యాక వాళ్లే అడగడం మొదలుపెట్టారు, "మేడం, నాది ఈ నెల ఇంకా రాయలేదు" అని. అందులో ఒక పేషెంట్ కేర్ ఆమె గురించి రాసింది నాకు ఇప్పటికీ గుర్తు. పక్షవాతంతో కదల్లేని ముగ్గురు పేషెంట్లను రెండు గంటలకొకసారి ఆమె పక్కకు తిప్పేది. తను తిప్పడమే కాదు, ఆ పేషెంట్ల ఇంటివాళ్లకు కూడా నేర్పి, తన డ్యూటీ అయ్యాక వాళ్లు తిప్పేలా చేసింది. నెలన్నరలో ఆ ముగ్గురిలో ఒక్కరికీ వీపున పుండు పడలేదు. చదువు ఏడో తరగతి.

తర్వాత టెండర్ మారింది. పాత ఏజెన్సీ పోయి కొత్తది వచ్చింది. కొత్తవాళ్లు తమ లిస్టు తెచ్చుకున్నారు. పాతవాళ్లలో కొందరిని ఉంచారు, కొందరిని వద్దన్నారు. ఎవరు బాగా చేస్తారని వార్డులో ఒక్కరినీ అడగలేదు. నేను నోట్‌బుక్ పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. "ఇది అఫీషియల్ కాదు కదా సిస్టర్" అన్నారు. ఆ ఏడో తరగతి ఆమె పోయింది. డ్యూటీ టైములో దొరకని ఇద్దరు ఉండిపోయారు. ఆ నోట్‌బుక్ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

అందుకే అడుగుతున్నాను. ఆ నోట్‌బుక్‌లో ఉన్నదాన్ని అఫీషియల్ చేయండి. ప్రతి ఏజెన్సీ మనిషికి ఒక సర్వీసు పుస్తకం ఆసుపత్రి దగ్గరే ఉండాలి. ఏజెన్సీ మారినా ఆ పుస్తకం మారకూడదు, టెండర్ మారిన రోజు ఎవరిని కొనసాగించాలో అది చూసే తేల్చాలి. ఆరు నెలలకొకసారి వార్డు ఇన్‌చార్జి ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడి రాయాలి, ఆమె చదివి సంతకం పెట్టాలి, ఒప్పుకోకపోతే తన మాట కింద రాయాలి, జిరాక్స్ ఒకటి ఇంటికి తీసుకెళ్లాలి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించాలి. పని విషయంలో ఆమెకు చెప్పేది వార్డు సిస్టర్ ఒక్కరే అయి ఉండాలి, జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ సంగతులు ఏజెన్సీ సూపర్‌వైజర్ చూసుకోవాలి. ఇద్దరూ రెండు వైపులా లాగితే మధ్యలో ఆ మనిషి నలిగిపోతుంది. ఫోన్‌లో "రేపటి నుంచి రాకు" అని చెప్పి పంపేయడం మాత్రం ఆగాలి. తప్పు రాతలో ఉండాలి, సరిదిద్దుకోవడానికి నేర్పిన దాఖలా ఉండాలి, అప్పుడే తీసేసే మాట రావాలి.

శిక్షణ సంగతి. మన మెడికల్ కాలేజీల్లో స్కిల్ ల్యాబులు ఉన్నాయి, బొమ్మలున్నాయి, నేర్పే ట్యూటర్లు ఉన్నారు. సీపీఆర్ క్లాసు పెట్టిన ప్రతిసారీ లిస్టులో రెగ్యులర్ సిస్టర్ల పేర్లే. ఏజెన్సీ వాళ్లను పిలిచినా వీక్లీ ఆఫ్ రోజు రమ్మంటారు, ఆటో చార్జీలు వాళ్లవే. శిక్షణ డ్యూటీలో భాగం కావాలి, ఆ గంటలకు జీతం కోయకూడదు, ఈ మాట టెండర్ కాగితంలోనే ఉండాలి. 2022లో శానిటేషన్, సెక్యూరిటీ, పేషెంట్ కేర్ కలిపి పడకకు నెలకు 7,500 రూపాయల లెక్కన ఏజెన్సీలకు ఇవ్వడం మొదలుపెట్టాం. అంతకు ముందు 5,000. పెంచిన డబ్బులో నేర్పడానికి ఎంత అని నేను చూసిన ఒప్పంద పత్రాల్లో ఒక గీత కూడా కనపడలేదు. రాకపోతే కోత గురించి మాత్రం పేజీలు ఉన్నాయి.

నా తోటి సిస్టర్లకు ఒక మాట. మీకు టైమెక్కడిది అని అడుగుతారు, నిజమే. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ చెప్తుంది, రాత్రిపూట నలభై మందికి ఒక్కరమే ఉన్న రోజులు నేనూ చూశాను. అందుకే పెద్దలను అడుగుతున్నాను, ఇన్‌చార్జి సిస్టర్‌కు వారంలో ఒక పూట బెడ్ డ్యూటీ తీసేసి ఈ పనికి ఇవ్వండి. కానీ టైముతో పనిలేనిది ఒకటుంది. "ఏయ్ ఔట్‌సోర్సింగ్, ఇటు రా" అని పిలవడం మనం మానేయగలం. వాళ్లకు పేర్లున్నాయి. పేరు పెట్టి పిలిచిన మనిషే మూడో రోజు దాకా ఆగకుండా మొదటి గంటలోనే వచ్చి, "మేడం, సూది గుచ్చుకుంది" అని చెప్తుంది.

ఏటా మార్చి 31తో వీళ్ల కొనసాగింపు ఉత్తర్వులు ముగుస్తాయి, కొత్త ఫైలు కదులుతుంది. ఈసారి ఆ ఫైలులో హాజరు లెక్కతో పాటు ఈ పేజీ కూడా పెట్టమని మనవి. ఏదైనా ఒక ఆసుపత్రిలో ఒక్క వార్డులో మొదలుపెడతామంటే, ఆ పుస్తకం ఎలా రాయాలో చూపించడానికి మొదటి మూడు నెలలు నేను వస్తాను, జీతం వద్దు. నా పాత నోట్‌బుక్ వెంట తెస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్